పాతపట్నానికి పది పొట్లాలు

గరివిడి,
14-6-1968

చిరంజీవి సౌభాగ్యవతి తాయారుకు పరమేశ్వరి వదిన ఆశీస్సులు.

ఈవేళ చేసిన పనులు: నీళ్ళు పదకొండు బిందెలు తెచ్చాను. చింతపండు గింజ తీసి ఎండబెట్టాను. కొట్టు ఊడ్చి, సరుకున్న డబ్బాలతో పాటు ఖాళీ డబ్బాలు కూడా తుడిచాను. చోళ్ళ బస్తాలు ఆరూ కదిపి చూసి, పురుగు పట్టకుండా వేపాకు మార్చాను. మీ అన్నయ్య పంచెలు రెండు ఉతికాను. లెక్క రాశాను. ఇక మిగిలింది నీకు ఉత్తరం.

మీ అన్నయ్య కులాసా.

బస్తాల మీద రాగులని అచ్చేసి ఉన్న ఆ చోళ్ళ సంగతి నీకు తెలుసు. వానలు లేని ఏడు, ధర ఇంకా పెరుగుతుందని మీ అన్నయ్య కొన్నారు. తర్వాత రేషను బియ్యం దండిగా వచ్చింది. చోళ్ళు అడిగేవాళ్ళు లేరు. ఆరు బస్తాలూ గోడకు ఆనుకుని చుట్టాల్లా కూర్చున్నాయి.

నిన్న అసిరమ్మ వచ్చింది. కార్ఖానా ఇంజినీరు గారి బంగళాలో వంట చేస్తుంది. వాళ్ళకు టైగరని ఒక పెద్ద కుక్క ఉంది. రోజూ పొద్దున్న దాన్ని గొలుసు పట్టుకుని మన కొట్టు ముందు నుంచే తిప్పుతుంది.

“సావుకారమ్మా, కుక్క బిస్కట్లు అమ్ముతారేటి?” అంది. నేను నవ్వాను.

“నవ్వుతారేటమ్మా? విశాపట్నం నుంచి డబ్బాలొచ్చీవి. ఇప్పుడు రావట. కుక్క అన్నం ముట్టదు. దాన్ని సూసి మా అమ్మగారు అన్నం ముట్టదు. ఇద్దరికీ వండుతన్నాను, ఇద్దరూ తినరు” అంది.

ఖాళీ డబ్బా తెచ్చి చూపించింది. దాని మీద రాసింది స్టేషను మాస్టరు గారి చేత చదివించాను. పిండి, ఎముకల పొడి, ఇంకేవో ఉన్నాయి. ఎముకల పొడి మన వంటింట్లోకి ఎలాగూ రాదు. కాని పిండి అనే మాట వినగానే నాకు ఆరు బస్తాలూ గుర్తొచ్చాయి.

మీ వారు జగన్నాధం అన్నయ్య గారు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు కనుక ఆయన్ని అడిగి రాయి. కుక్కకు చోళ్ళు పడతాయా? ఎముకల పొడి లేకపోతే లోటా? బెల్లం ఎంత వెయ్యవచ్చు? ఏవి తగలకూడదు?

మీ అన్నయ్య కులాసా. నువ్వు బెంగ పెట్టుకోకు, మీ అన్నయ్య కులాసాగానే ఉన్నారు.

పరమేశ్వరి

*

పాతపట్నం,
22-6-1968

వదినకు తాయారు నమస్కారాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి కోపమొచ్చింది. నాన్న బతికున్నన్నాళ్ళూ విస్తట్లో మొదటి ముద్ద తీసుకెళ్ళి వీధిలో కుక్కకు వేసి, కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి, అప్పుడు కదా కూర్చునేవాడు. ఆ ముద్దకు ధర కడతావా వదినా?

పైగా కుక్కలతో బేరమా? నా మోకాలి మీద మచ్చ నువ్వు చూశావు. ఎనిమిదేళ్ళప్పుడు అరసవల్లిలో తరిమిన కుక్క ఇంకా నా వెనకే వస్తున్నట్టుంటుంది. ఇప్పటికీ వీధిలో కుక్క కనిపిస్తే ఎవరి అరుగైనా సరే ఎక్కేస్తాను. “కాంపౌండరు గారు ఊళ్ళో పశువులన్నిటికీ మందు పోస్తారు, ఆయన పెళ్ళాం కుక్కను సూసి అరుగెక్కుతాది” అని జనం నవ్వుకుంటారు.

మా వారు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. చోళ్ళు బాగా పడతాయి. వాటిలో సున్నం ఉంది, ఎముకల పొడి చేసే మేలు అదే చేస్తుంది. నాలుగో వంతు ఉలవపిండి కలపమన్నారు. బెల్లం వాసనకు మాత్రమే. ఉప్పు, కారం, ఉల్లిపాయ తగలనివ్వకు. పూర్తిగా ఆరిన తర్వాతే పొట్లం కట్టు, తడి మిగిలితే బూజు పడుతుంది.

ఇంకొక మాట. నీ ఉత్తరంలో అన్నయ్య కులాసా అని మూడుసార్లుంది. నువ్వు ఏదైనా ఒకసారే రాస్తావు. అన్నయ్య మా గుమ్మం తొక్కి రెండేళ్ళయింది. లెక్కలు రాసేదానివి కదా, ఇదీ రాసి పెట్టు: తాయారుకు అన్నయ్య రాక ఒకటి బాకీ.

తాయారు

*

గరివిడి,
9-7-1968

తాయారుకు ఆశీస్సులు.

నువ్వు చెప్పిన పద్దు నీ ఉత్తరం అందిన రోజే పుస్తకం చివరి పేజీలో రాశాను. సలహా ఇచ్చిన జగన్నాధం అన్నయ్య గారికి నా నమస్కారాలు చెప్పు. ఆయన మాట లేకపోతే ఉప్పు వేసి ఉండేదాన్ని.

మొదటి వాయి చెడింది. కిరసనాయిలు డబ్బా ఒక పక్క కోసి, అడుగున ఇసుక పోసి, కిందా పైనా నిప్పులు పెట్టి కాల్చాను. పెంకుల్లా వచ్చాయి. రెండు అసిరమ్మకిచ్చాను. మర్నాడు వచ్చి, “మీ బిస్కట్టు తినలేదమ్మా. పెరట్లో గొయ్యి తవ్వి పాతేసినాది. మట్టి కూడా కప్పీసినాది” అంది.

రెండో వాయికి నువ్వులనూనె చెంచాడు పెంచి, పిండి పలచగా ఒత్తాను. చల్లారాక పళ్ళెంలో పోసి వెనక వరండాలో పెట్టాను. మీ అన్నయ్య అక్కడే ఉన్నారు. రుచి చూడని సరుకు అమ్మకూడదన్నది మామయ్య గారి పద్ధతి కదా. ఏమీ అడగకుండా ఒకటి తీసి కొరికారు.

“ఉప్పు నేదే” అన్నారు.

“మనకు కాదు, కుక్కలకు” అన్నాను.

నమలడం ఆపి నా వంక చూశారు. తర్వాత మిగిలిన ముక్క కూడా తినేశారు. ఉప్పు నేదే అన్న ఆ మాటకు నాకు ఎంత సంతోషమైందో ఎందుకైందో ఇప్పుడు రాయను.

పన్నెండు బిస్కట్లు ఒక పొట్లం, ధర అర్ధరూపాయి. టైగరుకు మొదటి పొట్లం కట్టి ఇచ్చాక ఒక చిక్కొచ్చింది. మన కొట్టులో కొసరు లేకుండా ఎవరినీ పంపలేదు. పప్పు కొంటే గుప్పెడు, బెల్లం కొంటే చిన్న గడ్డ. దీనికి కొసరు ఎవరికివ్వాలి? అసిరమ్మకిస్తే ఆమె తినదు. అందుకని తినేదాని నోటికే అందించాను.

మర్నాడు పొద్దున్న చూస్తే టైగరు గుమ్మం ముందు కూర్చుంది. అసిరమ్మ గొలుసు లాగుతోంది, అది కదలడం లేదు. “నాను దీన్ని తిప్పడం నేదమ్మా, ఇదే నన్ను తిప్పుతన్నాది” అంది. కొన్న రోజూ కొనని రోజూ ఒక కొసరు ఇవ్వక తప్పలేదు. దాన్ని చూసి డాక్టరు గారి జూలీ ఆగింది. జూలీని చూసి ఇంకొకటి. నేను బంగళాలకు వెళ్ళి ఒక్కరినీ అడగలేదు. అక్షరాలా కుక్కలే యజమానులను పట్టుకొచ్చాయి.

ఖాతా ఎవరి పేర రాయాలని చాలాసేపు ఆలోచించాను. అమ్మగార్ల పేర్లు తెలియవు, అయ్యగార్లకు ఈ సంగతే తెలియదు. అందుకని తినేవాళ్ళ పేరనే రాశాను. టైగరు ఖాతా, జూలీ ఖాతా. మామయ్య గారు చూస్తే ఏమనేవారో.

పరమేశ్వరి

*

పాతపట్నం,
18-7-1968

వదినా, ఇది కార్డు కనుక సంగతి మాత్రం రాస్తున్నాను. ఇక్కడ ఫారెస్టు రేంజి ఆఫీసులో నరసింగరావు గారని ఉన్నారు. కలప డిపోకు కాపలా కుక్కలున్నాయట. నెలకు పది పొట్లాలు కావాలన్నారు. డబ్బు మనియార్డరు చేశాను. పార్సిలు మా ఇంటికి పంపు, వాళ్ళు పట్టుకుపోతారు. ఖాతాకు పేర్లడుగుతావని తెలుసు: నౌపడ, టెక్కలి, తెంబూరు, పర్లాకిమిడి. నవ్వకు, పేర్లు నేను పెట్టలేదు.

తాయారు

*

గరివిడి,
19-8-1968

తాయారుకు ఆశీస్సులు.

ఆగస్టు పొట్లాలు పది పంపాను, అందే ఉంటాయి. నరసింగరావు గారికి నా కృతజ్ఞతలు చెప్పు. పొరుగూరి నుంచి వచ్చిన మొదటి బేరం అది.

నీకు ఇన్నాళ్ళూ దాచిన సంగతి ఈవేళ రాస్తున్నాను. మీ అన్నయ్య ఉగాది నుంచి గల్లాపెట్టె దగ్గర కూర్చోలేదు. వెనక వరండాలో గోడవైపు తిరిగి పడుకునేవారు. అన్నం పెడితే తినేవారు, పిలిస్తే పలికేవారు, అంతే. బిస్కట్టు కొరికి ఉప్పు లేదన్నది తనంత తాను అన్న మొదటి మాట.

కొట్టు అద్దె ఆరు నెలలది నిలిచిపోయింది. దీపావళిలోగా అంతా కట్టకపోతే కొట్టు వేరేవాళ్ళకు ఇస్తానని యజమాని చెప్పాడు. అదే జరిగితే యాభై రెండేళ్ళ వయసులో మీ అన్నయ్య విజయనగరంలో ఎవరి కొట్టులోనో గుమస్తాగా చేరాలి. మీ ఇంటికి రాకపోవడానికీ కారణం ఇదే. “సీర నేకుండా సెల్లెలి గుమ్మం ఎలా ఎక్కను?” అన్నారు ఒకసారి. నీకు రాయనని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు తప్పుతున్నాను.

ఇక నేను చేసిన తప్పు. జూలై నెల లెక్క తీస్తే కొసరుగా పోయిన బిస్కట్లు నూట ఎనభై ఆరు. అంటే పదిహేనున్నర పొట్లాలు. అద్దె బాకీ కళ్ళ ముందు పెట్టుకుని ఆ అంకె చూస్తే భయం వేసింది. ఆగస్టు ఒకటి నుంచి కొసరు ఆపేశాను.

కుక్కలకు నా లెక్క తెలియదు కదా. వచ్చి గుమ్మం ముందు కూర్చునేవి. గొలుసులు పట్టుకున్నవాళ్ళు లాగేవారు, తిట్టేవారు. నాలుగు రోజులు చూసి, ఈ గొడవెందుకని ఒక్కొక్కరే వెనక వీధి నుంచి తిప్పడం మొదలుపెట్టారు. ఏడో తేదీ నాటికి ఒక్క పొట్లం అమ్మలేదు. కొసరు మిగిల్చి బేరం పోగొట్టుకున్నాను.

ఎనిమిదో తేదీ పొద్దున్న టైగరు ఒక్కటే వచ్చింది. గొలుసు ఈడ్చుకుంటూ వచ్చి ఎప్పటి చోటే కూర్చుంది. పొమ్మన్నాను. పోలేదు. చీపురు చూపించాను. చీపురును కూడా చూసింది, కదల్లేదు. అప్పుడు వెనక నుంచి మీ అన్నయ్య గొంతు వినిపించింది.

“ఏటే, గుమ్మంలో బేరాన్ని నిలబెట్టి ఏటి సూస్తన్నావు?”

“బేరం కాదండీ, కొసరుకొచ్చింది. నేను ఆపేశాను.”

“మా నాన్న కొట్టులో కొసరాపడానికి నువ్వెవరే?” అన్నారు. ఈ ఇంట్లో ఆయన నా మీద కోప్పడి అయిదు నెలలయింది. వచ్చి డబ్బా మూత తీసి, ఒకటి కాదు, రెండు ఇచ్చారు. ఆగిపోయిన వారం రోజులది వడ్డీ అన్నారు. తర్వాత గల్లాపెట్టె మీద దుమ్మును కండువాతో దులిపి కూర్చున్నారు.

అసిరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ఆయన పుస్తకం తెరిచి ఉన్నారు. “ఏమే అసిరమ్మా, టైగరు ఖాతాలో ఒక పొట్లం రాయనా?” అన్నారు. అసిరమ్మ నోరు తెరిచి నా వంక చూసింది. నేను లోపలికి వెళ్ళిపోయాను.

అప్పటి నుంచి రోజూ కూర్చుంటున్నారు. కుక్కలూ తిరిగి వచ్చాయి. కొసరు ఇక నష్టం పద్దులో రాయడం లేదు.

పరమేశ్వరి

*

పాతపట్నం,
27-8-1968

వదినా,

అన్నయ్య కూర్చున్నాడన్న చోట ఉత్తరం మడిచి, వెళ్ళి గేదెకు కుడితి పెట్టి వచ్చాను. తర్వాత మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఒట్టు తప్పిన పాపం సగం నాకివ్వు.

చీర ఎవరడిగారు? నా పెట్టెలో చీరలు లేవా? ఆ మాట అన్నయ్యకు ఇప్పుడే చెప్పకు. నాకు తెలిసిందని తెలిస్తే మళ్ళీ గోడవైపు తిరుగుతాడు.

ఆ కుక్కకు నా తరఫున కూడా ఒక కొసరు వెయ్యి. కుక్కకు దండం పెట్టాలనిపించడం నా జన్మలో ఇదే మొదలు.

సెప్టెంబరుకు పది పొట్లాలు.

తాయారు

*

గరివిడి,
30-9-1968

తాయారుకు ఆశీస్సులు.

నాలుగు నెలల అద్దె కట్టేశాం. బస్తాలు మూడయ్యాయి. స్టేషను మాస్టరు గారి చేత ఇంగ్లీషులోనూ, నా చేత్తో తెలుగులోనూ చీటీలు రాసి పొట్లాలకు అంటిస్తున్నాను: చోడి బిస్కట్లు, కుక్కలకు, ఉప్పు లేనివి. విజయనగరం నుంచి ఇద్దరు రాసి తెప్పించుకున్నారు.

ఇప్పుడు పాతపట్నం ఖాతా సంగతి. నెలాఖరున అన్ని ఖాతాలూ ఒకచోట పెట్టి చూశాను. టైగరుకు కడుపు నొప్పి వచ్చిన వారం ఏమీ లేదు. జూలీ ఈనింది, ఆ నెల రెట్టింపు. ప్రాణమున్న ఖాతా ఏదైనా పెరుగుతూ తరుగుతూ ఉంది. పాతపట్నం మాత్రం జూలై పది, ఆగస్టు పది, సెప్టెంబరు పది. కుక్కల పేర్లేమో రైలు స్టేషన్లు.

అనుమానంతోనే ఉన్నాను. మొన్న జగన్నాధం అన్నయ్య గారు పంపిన జీడిపప్పు పట్టుకుని ఒకాయన వచ్చారు. విజయనగరం వెళుతూ దిగారట. పేరు అడిగితే నరసింగరావు అన్నారు. ఆదరంగా కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, “మీ కుక్కలు కులాసానా?” అని అడిగాను.

“ఏ కుక్కలమ్మా? మా ఆఫీసులో పిల్లి కూడా నేదు” అన్నారు. తర్వాత నవ్వి, “కుక్కలంటే మీ ఆడపడుచు గారివే. ఆవిడ కూరగాయలకు బయలుదేరితే ఊరేగింపులాగుంటాది” అన్నారు.

మీ అన్నయ్య ఆ పక్కనే ఉన్నారు. విన్నారు. పుస్తకం తీసి పాతపట్నం ఖాతా చూసి మూసేశారు.

తాయారూ, ఆ పదిహేను రూపాయలు వాపసు చేయమంటావా? సరుకు ఇచ్చాను, కుక్కలు తిన్నాయి. పుస్తకం ప్రకారం బాకీ లేదు. అయినా కుక్కను చూస్తే అరుగెక్కే నువ్వు వాటి మధ్య నడవడం ఏ పద్దు కింద రాయాలో నాకు తెలియడం లేదు. నువ్వే చెప్పు.

పరమేశ్వరి

*

పాతపట్నం,
8-10-1968

వదినా,

దొరికిపోయాను. మా వారి నోట్లో నువ్వుగింజ నానదు కాని, ఆ మనిషి చేతే జీడిపప్పు పంపుతారని కలగన్నానా?

మూడు కులాసాలు చదివిన నాడే కొట్టుకు ఏదో కష్టం వచ్చిందని పోల్చుకున్నాను. ఊరికే డబ్బు పంపితే అన్నయ్య మనియార్డరు తిప్పి పంపుతాడు. అందుకని కొన్నాను. గేదె పాల డబ్బు నాది, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు.

కొన్నాక పది పొట్లాలూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇంట్లో కుక్క లేదు. పారేద్దామా అంటే, అవి నువ్వు నిప్పుల ముందు కూర్చుని కాల్చినవి. మొదటి రోజు కిటికీలోంచి ఒకటి విసిరి తలుపులన్నీ వేసుకున్నాను. వారం రోజులు కిటికీ. తర్వాత అరుగు మీద నుంచి. ఒక రోజు చెయ్యి జారి బిస్కట్టు నా కాళ్ళ దగ్గరే పడింది. టెక్కలి వచ్చి, దాన్ని తీసుకుని, నా పాదం వాసన చూసి వెళ్ళిపోయింది. కరవలేదు వదినా. ముప్పై ఎనిమిదేళ్ళు దేనికి భయపడ్డానా అనిపించింది.

పేర్లు నేనే పెట్టాను. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వరసగా నిలబడతాయి, రైలు స్టేషన్ల లాగే. ఆ మధ్య ఒకామె, “తాయారమ్మా, మీ వెనకాల కుక్కలున్నాయి, సూసుకోండి” అని అరుగు మీద నుంచి అరిచింది. “నాకు తెల్సు, నువ్వు దిగిరా” అన్నాను.

నాన్న ముద్దకు ధర కడతావా అని నిన్ను అడిగాను. తప్పు మాట. నువ్వు కట్టిన ధర వల్లే ఆ ముద్ద నా చేతికి వచ్చింది.

డబ్బు వాపసు చేశావో, నీతో మాట్లాడను. పద్దు నేను చెబుతాను. జూన్‌లో రాయమన్నది ఒకటుంది కదా. దీపావళి వెళ్ళిన రెండో నాడు, భగినీ హస్త భోజనానికి అది తీర్చండి. అన్నయ్యను పంపు. చీర తెస్తే గుమ్మంలోనే ఆపేస్తాను.

తాయారు

*

గరివిడి,
29-10-1968

తాయారుకు ఆశీస్సులు.

ఈవేళ పనులు: నీళ్ళు తొమ్మిది బిందెలు. బిస్కట్లు నాలుగు వాయిలు. పొట్లాలు ముప్పై రెండు. కొట్టు ఊడ్వలేదు, నేను లేచేసరికే మీ అన్నయ్య ఊడ్చారు.

నీ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చాను. అప్పటికి పెట్టెలో ఉన్న డబ్బుతో ఒక పని అవుతుంది: మిగిలిన అద్దె కట్టడమో, నీకు చీర కొనడమో. రెండు రోజులు ఆలోచించారు. పండగ ముందు రోజు వెళ్ళి అద్దె కట్టి, రసీదు నా చేతిలో పెట్టి, “సీర నేకుండానే ఎల్తాను. పసుపు, కుంకుమ కట్టియ్యి. ఆ బిస్కట్ల డబ్బా కూడా ఇయ్యి” అన్నారు.

అక్కడ జరిగింది నీకు తెలుసు కాని, ఆయన వచ్చి చెప్పిన తీరు నీకు తెలియదు కనుక రాస్తున్నాను. వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా చెప్పారు.

“స్టేషన్లో దిగాను. నాలుగు కుక్కలు సంచీ వాసన పట్టి ఎనకాల పడ్డాయి. రెండేళ్ళయింది కదా, ఈది మర్చిపోయానేమో అనుకున్నాను. ఎవర్నీ అడగక్కర్నేకపోయింది. అవే తీసుకెళ్ళాయి. సూద్దును కదా, మన తాయారు అరుగు మీద నేదు. ఈదిలో, వాటి మధ్యని నిలబడి ఉన్నాది.”

కండువాతో ముఖం తుడుచుకుని, తర్వాత నువ్వు వడ్డించినవన్నీ వరసగా చెప్పారు. మొదటి ముద్ద తీసి మామయ్య గారిలాగే తాను వీధిలోకి వెళ్ళి వేశానన్నారు. టెక్కలి తిందట, పర్లాకిమిడి బిస్కట్టే కావాలందట.

నీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో నాకు చేతకాదు. నాకు చేతనైంది పుస్తకం రాయడమే.

దీపావళికి కొత్త పుస్తకం మొదలుపెట్టాం. పసుపు రాసి, మొదటి పేజీలో దేవుడి పేరు, రెండో పేజీలో టైగరు పేరు మీ అన్నయ్యే రాశారు. పాతపట్నం ఖాతా కూడా ఎత్తి రాశాం. కాని నరసింగరావు గారి పేరు తీసేసి నీ పేరు పెట్టాను. ఇక మీద నీకు కావలసినన్నే తెప్పించుకో, పదే అక్కర్లేదు. కొసరు మాత్రం మేము పంపినంత తీసుకోవాలి.

పాత పుస్తకం కట్టి అటక మీద పెట్టే ముందు, తీరని పద్దులేమైనా ఉన్నాయా అని చివరి వరకు తిప్పాను. చివరి పేజీలో ఒకటి మిగిలింది. మీ అన్నయ్యను పిలిచి, కలం ఇచ్చి, ఆయన చేతనే రాయించాను.

తాయారుకు అన్నయ్య రాక, ఒకటి. 23-10-68న చెల్లు.

పరమేశ్వరి